దేవదానం తాత పైలట్ కాదు

నవంబర్ 22, శనివారం

ఈ నోట్‌బుక్ అట్ట మీద ఫిజిక్స్ రికార్డ్ అని రాశాను. మమ్మీ ఫిజిక్స్ జోలికి రాదు. క్లాసులో నా పక్కన కూర్చునే మానస నా బ్యాగంతా వెతుకుతుంది గానీ తెలుగు కనబడితే రెండో లైనుకే ఆవలిస్తుంది. అందుకే తెలుగులో రాస్తున్నాను. తప్పులుంటే ఉండనీ, ఎవరూ దిద్దరు.

ఎస్సే కాంపిటీషన్‌లో నాకే ఫస్ట్ వచ్చింది. టాపిక్ 'మా ఇంటి హీరో'. అందరూ నాన్నల మీద రాశారు. నేను దేవదానం తాత మీద రాశాను. తాత మా బాపమ్మకు సొంత అన్న. ఎల్లారెడ్డిలో కూలివాళ్ళ ఇంట్లో పుట్టి, మిషన్ బడిలో చదివి, ఎయిర్‌ఫోర్స్‌లో ఆఫీసరై, 1971 యుద్ధంలో బాంబర్ విమానం నడుపుతూ వెళ్ళి తిరిగి రాలేదు. అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. మా వైపు మొత్తం మీద అలాంటివాడు ఇంకొకడు లేడు.

సాయిలత మేడం దాన్ని అసెంబ్లీలో చదివారు. నాతో చదివించలేదు. ఏడో తరగతిలో నేను మైకు ముందు ప్రతిజ్ఞ మధ్యలో ఆగిపోయి ఏడ్చిన సంగతి స్కూలంతటికీ తెలుసు. 'పైలట్' అన్నచోట మేడం గొంతు పెంచారు. నా వీపు దానంతటదే నిటారుగా అయింది.

అంతటితో అయిపోతే బాగుండేది. డిసెంబర్ 16న, యుద్ధం గెలిచిన రోజున, తాత ఫొటో స్కూల్ లైబ్రరీలో పెడతారట. బాపమ్మను స్టేజి మీదికి పిలుస్తారట. నేను మైకులో మాట్లాడాలట.

"ఏయ్ పైలట్ మనుమరాలా, ఇగ నీ పక్కన కూసోవాలంటే టికెట్ కొనాల్నా?" అంది మానస.

నాకేం భయం లేదు. ఇంకా ఇరవై నాలుగు రోజులుంది.

నవంబర్ 23, ఆదివారం

ఫొటో కోసం డాడీతో ఎల్లారెడ్డి వెళ్ళొచ్చాను. మేం వెళ్ళేసరికి బాపమ్మ అప్పుడే చర్చి నుంచి వస్తోంది. విషయం చెప్పగానే చెప్పులు కూడా విడవకుండా పక్కింటి ఈరవ్వను కేకేసింది.

"ఓ ఈరవ్వా! మా అన్న ఫొటో కామారెడ్ల ఇంగ్లీష్ బడిల పెడ్తరట! అంతమంది పిల్లలు సూస్తరట!"

"మల్ల నువ్వు కొత్త చీర కట్టాలె గద సాలవ్వా."

"కడ్త. పట్టుదే కడ్త. మా అన్న విమానం నడిపిండు. నేను గీ ముతక చీర మీద పోతనా?"

తర్వాత పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం కొలిచింది. మనిషికో గ్లాసు. మేం ముగ్గురం ఉన్నాం, నాలుగు గ్లాసులు పోసింది. ఎప్పుడూ అంతే. ఒక్కతే ఉన్నరోజు రెండు పోస్తుంది. మిగిలింది రాత్రికి తనే తింటుంది. వాళ్ళమ్మ పోయేటప్పుడు చెప్పిందట, అన్న వచ్చిననాడు ఇంట్లో అన్నం లేదనొద్దు అని.

వస్తాడని ఎందుకంత నమ్మకమంటే, కుర్చీ. యుద్ధమైన మరుసటి ఏడు మాచారెడ్డి నుంచి ఒక మిలిట్రీ ఆయన వచ్చి వాళ్ళమ్మకు చెప్పాడట. విమానం నడిపేవాడి కుర్చీ కింద పేలుడు మందు ఉంటుంది, పిడి లాగితే కుర్చీతో సహా మనిషి బయటికి ఎగురుతాడు, గొడుగు తెరుచుకుంటుంది, మెల్లగా దిగుతాడు అని. బాపమ్మకు అప్పుడు పన్నెండేళ్ళు. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా, చెప్పిన ప్రతిసారీ చెయ్యి పైకెత్తి వేళ్ళు విప్పి కిందికి దించుతుంది. గొడుగు లాగా.

"యాడనో దిగే ఉంటడు. వాళ్ళు పట్టుకొని ఉంటరు. ఇడిసినంక పానం బాగలేక అక్కడ్నే ఉండిపోయిండు గావొచ్చు."

గోడ మీద తాత ఫొటో. నిజానికి అది ఫొటో అనలేం. తాత యూనిఫాంలో దిగిన ఫొటో ఇంట్లో ఒక్కటీ లేదు. విమానమెక్కుతానంటే వాళ్ళమ్మ భయపడుతుందని సెలవుల్లో మామూలు ప్యాంటు చొక్కాతో వచ్చేవాడట. 'విమానాల ఆఫీసుల నౌకరి' అనేవాడట. తను రాకుండా పోయాక, కామారెడ్డిలో ఒక స్టూడియో ఆయన బడి గ్రూపు ఫొటోలోంచి తల తీసి, ఎవరిదో యూనిఫాం ఒంటికి అతికించి రంగులు వేసి ఇచ్చాడు. అప్పట్లో అందరికీ అట్లాగే చేసేవారు. ఈరవ్వ మామ బతికినన్నాళ్ళూ ధోవతి తప్ప కట్టలేదట, గోడ మీద మాత్రం కోటూ టైతో ఉంటాడు. తాత మెడ కొంచెం పక్కకు వంగి ఉంటుంది, కాలర్ మాత్రం నిటారుగా ఉంటుంది. ఛాతీ మీద రెండు రెక్కల బ్యాడ్జి.

దాని పక్కనే ఇంకో ఫ్రేములో ఎయిర్‌ఫోర్స్ వాళ్ళ ఉత్తరం. టైపు చేసింది, ఇంగ్లిష్‌లో. యాభై ఏళ్ళుగా అందరూ దాన్ని చూస్తున్నారు. అప్పట్లో పాస్టరుగారు చదివి చెప్పారట, కనబడకుండా పోయాడని ఉంది అని.

రెండూ ఫోన్‌లో తీసుకున్నాను. వచ్చేటప్పుడు బస్సులో, లింగంపేట దాటాక, ఉత్తరాన్ని పెద్దగా చేసి చదివాను.

మా ఇంట్లో దీన్ని పూర్తిగా చదివిన మొదటి మనిషిని నేనేనేమో.

పైలట్ అని లేదు. నావిగేటర్ అని ఉంది. రెండు చోట్ల ఉంది. పైలట్ వేరే ఆయన, ఫ్లయిట్ లెఫ్టినెంట్ వామన్ కేల్కర్. 'కనబడకుండా పోయారు' తర్వాత ఫుల్‌స్టాప్ లేదు, కామా ఉంది. కామా తర్వాత, 'మరణించారని నమ్ముతున్నాము' అని ఉంది.

పాస్టరుగారు కామా దగ్గర ఆగిపోయారు.

నవంబర్ 24

నేను కూడా చదవనట్టే ఉంటాను.

నవంబర్ 26, బుధవారం

నావిగేటర్ అన్నా దాదాపు పైలట్టే. ఇద్దరూ అదే విమానంలో ఉంటారు కదా. ఎస్సేలో మార్చాల్సిన పనేం లేదు. నమ్ముతున్నాము అంటే వాళ్ళకూ కచ్చితంగా తెలియదనే కదా.

మేడంకు తాత ఫొటో పంపాను. ఉత్తరం పంపలేదు. అడగలేదు కాబట్టి పంపలేదు.

నవంబర్ 29, శనివారం

16న రాబోయే ముఖ్య అతిథి దోమకొండ లక్ష్మణ్ సార్. ఎయిర్‌ఫోర్స్‌లో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఈరోజు స్కూల్ అయ్యాక సాయిలత మేడం, నేను ఆటోలో వాళ్ళింటికి వెళ్ళాం. సార్ వాకిట్లో పాత మిక్సీని ముక్కలు ముక్కలుగా విప్పి గుడ్డ మీద వరసగా పేర్చుకుని ఉన్నారు. డెబ్బై ఏళ్ళుంటాయి. చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని ఉన్నారు.

వాళ్ళ భార్య మేడంను లోపలికి తీసుకెళ్ళింది. సార్ చేతులు తుడుచుకుని, "ఏదీ బేటా, మన హీరోను సూపియ్యి" అన్నారు.

ఫోన్ ఇచ్చాను. కళ్ళద్దాలు పైకెత్తి చూశారు. రెండు వేళ్ళతో పెద్దగా చేశారు. ముఖాన్ని కాదు, బ్యాడ్జిని.

"పైలటా?"

"అవును సార్."

"ఎవలు జెప్పిండ్రు?"

"ఇంట్లో అందరూ అదే అంటారు సార్."

"కాయితం ఏమన్న ఉన్నదా?"

లేదు అనాలనుకున్నాను. నా వేలు మాత్రం పక్క ఫొటోకు జరిగింది. సార్ ఉత్తరాన్ని రెండుసార్లు చదివారు. చదువుతున్నంతసేపూ నించునే ఉన్నారు. అప్పటిదాకా కూర్చునే ఉన్న మనిషి ఎప్పుడు లేచారో నేను చూడలేదు.

"నావిగేటర్‌కు ఒకటే రెక్క ఉంటది బేటా, బ్యాడ్జి మీద. రెండు రెక్కలు పైలట్‌కు. గా స్టూడియోల ఎవలిదో పెట్టిండు."

నాకు ఏడుపొచ్చింది. "అయితే తాత గొప్పవాడు కాదా సార్?"

సార్‌కు కోపం వచ్చింది. నిజం కోపం.

"ఏం మాట్లాడ్తున్నవ్? గా విమానాలకే నేను నట్లు బిగించిన, పదేండ్లు. నావిగేటర్ అంటే ఏందో ఎర్కనా? ఒక మ్యాపు, ఒక పెన్సిలు, ఒక గడియారం. బయట కారుచీకటి. కింద దీపాలన్ని బంద్. ఎంత గాలి కొడ్తుంది, ఎంత పక్కకు తోస్తుంది, ఎన్ని నిమిషాలకు యాడ తిరగాలె, గంతా లెక్కగట్టి పైలట్‌కు జెప్పాలె. టార్గెట్ దగ్గరికి రాంగనే విమానం ముందట అద్దాల ముక్కుల బోర్ల పండుకొని కిందికి సూసుకుంట, లెఫ్ట్, లెఫ్ట్, సీదా అని. పైలట్ స్టీరింగ్ పడ్తడు, అంతే. దారి మీ తాతది."

నేను నోరు తెరుచుకుని వింటున్నాను. లెక్కల్లో నాకు అరవై దాటవు. తాత చీకట్లో, గాల్లో, పెన్సిలుతో లెక్కలు చేశాడు. ఎల్లారెడ్డి మిషన్ బడి పిల్లవాడు.

అప్పుడే ఆ కుర్చీ సంగతి అడిగాను. అడగకపోతే బాగుండేది.

సార్ వంగి మిక్సీ నట్టు ఒకటి తీసి గుడ్డతో తుడిచారు.

"గా రకం విమానంల ఎగిరే కుర్చీ పైలట్‌కే ఉంటది బేటా. నావిగేటర్‌కు లేదు. పక్క తలుపు తెరిచి దుంకాలె. కిందికే పోతున్నప్పుడు... టైం దొరకది."

లోపల మేడం నవ్వు వినిపిస్తోంది. టీ తాగమని పిలుస్తున్నారు.

"సూడు," అన్నారు సార్. "బ్యాడ్జి సంగతి నేను ఎవ్వలకు జెప్ప. మీ బాపమ్మ మనసు మీకే ఎర్క. కని నువ్వు మైకుల పైలట్ అన్నవనుకో, నేను కుర్చీలకెల్లి లేచి ఎల్లిపోత. ఆయన చేసిన పని గుంజుకొని ఇంకొకరికి ఇచ్చినట్టైతది."

నవంబర్ 30, ఆదివారం

చర్చిలో ఏం చెప్పారో వినలేదు.

నావిగేటర్ అని చెప్తే సరిపోదు. చెప్పగానే బాపమ్మ అడిగే మొదటి ప్రశ్న కుర్చీ గురించే. కుర్చీ లేదంటే గొడుగు లేదు. గొడుగు లేదంటే ఎక్కడా దిగలేదు.

డిసెంబర్ 2, మంగళవారం

డాడీకి చెప్పాను. రైల్వే గేటు పడింది, బండి ఆపి ఉన్నాం. వెనక నుంచి చెప్పడం తేలిక, ముఖం కనబడదు.

"డాడీ, దేవదానం తాత పైలట్ కాదు."

గూడ్సు బండి వెళ్తోంది. డాడీ డబ్బాలు లెక్కపెడుతున్నట్టు వాటినే చూశాడు.

"ఎర్కే," అన్నాడు.

"ఏంటి?"

"సదివిన. ఇంటర్ల ఉన్నప్పుడు. డిక్షనరీ పెట్టుకొని సదివిన. మల్ల ఫ్రేము అద్దం తుడిచి గోడకు పెట్టిన."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఎవలికి జెప్పాలె? పొద్దుగాల లేచి మా అన్న మా అన్న అనుకుంట పని చేస్కుంటది. గది తీసేస్తే ఏం మిగుల్తది ఆమెకు? నువ్వు గూడ సప్పుడు చేయకు. మైకుల ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్ అను. అబద్ధం కాదు గద?"

గేటు లేచింది. వెనక ఆటోవాడు హారన్ కొట్టాడు.

ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్. మంచి మాట. దీంతో అన్నీ సర్దుకుంటాయి. సార్ లేచి వెళ్ళరు, బాపమ్మ అడగదు.

డిసెంబర్ 3

ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్. ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్. అద్దం ముందు పదిసార్లు అన్నాను. ఆ మాట ఎవరికైనా సరిపోతుంది.

డిసెంబర్ 5, శుక్రవారం

ఈరోజే. యాభై నాలుగేళ్ళ క్రితం ఈ తారీఖునే.

పొద్దున్నే బాపమ్మ ఫోన్ చేసింది. ఏటా చేస్తుంది.

"బిడ్డా, మా అన్నకు ఇప్పుడు డెబ్బై ఎనిమిదేండ్లు. పండ్లు ఊడినయో ఏందో. నన్ను సూస్తే ఆనవాలు పడ్తడా? నేను గప్పుడు గింతుంటి."

"పడతాడు బాపమ్మా," అన్నాను.

అన్నాను. నేనే అన్నాను. కామా దగ్గర ఆగిపోయినవాళ్ళలో ఇప్పుడు నేనూ ఉన్నాను.

మధ్యాహ్నం లైబ్రరీలో మ్యాపు పుస్తకం తీసి, స్కేలు పెట్టి, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి గీత గీశాను. గంటకు ఇన్ని కిలోమీటర్లైతే ఎన్ని నిమిషాలు అని లెక్క వేశాను. మూడుసార్లు తప్పు వచ్చింది. నా దగ్గర కాలిక్యులేటర్ ఉంది, ట్యూబ్‌లైటు ఉంది, నన్ను ఎవరూ కాల్చడం లేదు. అయినా నాలుగోసారీ రబ్బరు తీయాల్సి వచ్చింది. తాత విమానం కింద, నేల మీద ఎవరెవరున్నారో అని కూడా ఒకసారి అనుకున్నాను. తాత కూడా అనుకునే ఉంటాడు. బోర్లా పడుకుని కిందికి చూసేవాడు అనుకోకుండా ఎట్లా ఉంటాడు?

పైలట్ మనవరాలిగా ఉన్నప్పుడు నాకు గర్వంగా ఉండేది, తాత గురించి ఏమీ తెలియకుండానే. ఇప్పుడు వేరేగా ఉంది. ఇప్పుడు తాతకు చేతులున్నాయి, పెన్సిలు ఉంది.

డిసెంబర్ 8, సోమవారం

ఫ్లెక్సీ వచ్చింది. గేటు అంత ఉంది. తాత తల, పక్కన ఎక్కడో దొరికిన కొత్త విమానం, దాని మీద మంటల అక్షరాల్లో 'మన కామారెడ్డి పైలట్ హీరో'. కింద నా పేరు, కృపాజ్యోతి, టెన్త్ బి.

మానస: "నీ పేరు గూడ గంత పెద్దగ ఉన్నదేందే. నువ్వు గూడ బాంబులేసినవా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సాయంత్రం వెనక గేటు నుంచి ఇంటికి వెళ్ళాను. ఆ దారి దగ్గర. అంతే.

డిసెంబర్ 10

15న చెప్తాను.

డిసెంబర్ 11

15న చెప్తే 16న స్టేజి మీద బాపమ్మ ఏమైపోతుంది? 16 తర్వాత చెప్తాను. 16 తర్వాత అంటే ఎప్పుడూ చెప్పను. నాకు నేను తెలుసు.

ఆదివారం వెళ్తాను.

డిసెంబర్ 14, ఆదివారం

చెప్పాను.

డాడీ వస్తానన్నాడు. బాపమ్మ ఇంటి ముందు దాకా వచ్చి, "పెట్రోల్ పోయించుకొని వస్త" అని వెళ్ళిపోయాడు. మేం వచ్చిందేమో బస్సులో.

బాపమ్మ గడప మీద కూర్చుని పచ్చి కందికాయ ఒలుస్తోంది. పట్టుచీర మడత విప్పి లోపల మంచం మీద ఆరేసి ఉంది, మడతల వాసన పోవాలని. నేను కూడా ఒలవడం మొదలుపెట్టాను. పది కాయలు ఒలిచి చెప్తాను అనుకున్నాను, తర్వాత ఇంకో పది అనుకున్నాను.

"బాపమ్మా, ఆ ఉత్తరం నేను చదివాను."

"మంచిగ సదివినవా? టైపు అచ్చరాలు అయి."

"తాత పైలట్ కాదట. నావిగేటర్ అట."

"గంటే ఏంది?"

లక్ష్మణ్ సార్ చెప్పినట్టే చెప్పాను. మ్యాపు, పెన్సిలు, గడియారం, అద్దాల ముక్కు. ఆ భాగం చెప్పడం నాకిష్టం. బాపమ్మ చెయ్యి ఆగి, కళ్ళు పెద్దవయ్యాయి.

"మా అన్న? గంత లెక్క చేసిండా?"

"దారంతా తాతే చెప్పాడు. పైలట్ తాత చెప్పినట్టు తిప్పాడు."

"ఔనా! మా బాపు ఎప్పుడు అంటుండె, ఈని తల్కాయల గడియారం ఉన్నదని." నవ్వింది. ఇక్కడే ఆపేయొచ్చు కదా అనిపించింది. ఇక్కడ ఒక కామా ఉంది.

అప్పుడు అడిగింది. అడుగుతుందని తెలుసు.

"మల్ల కుర్సీ?"

నేను కందికాయ వైపే చూస్తూ చెప్పాను. పైలట్‌కే ఉంటుందట. తాతకు లేదట. ఉత్తరంలో, చనిపోయాడని నమ్ముతున్నాం అని రాశారట. పాస్టరుగారు అది చదవలేదట.

"గా మిలిట్రాయన మా అవ్వ ముందట కూసోని జెప్పిండు గద!"

"పైలట్ అనుకుని చెప్పాడు బాపమ్మా."

"నీకేం ఎర్క? పుట్టినవా నువ్వు గప్పుడు?" బాపమ్మ నన్ను ఎప్పుడూ తిట్టలేదు. "ఇంగ్లీష్ బడికి తోలిచ్చింది గిందుకేనా? మా అవ్వ సచ్చేదాక ఎదురుచూసింది. నేను సచ్చేదాక చూస్తుంటి. నీకేం అడ్డమొచ్చింది?"

చేట తీసుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. పగలు, ఎండ ఉండగా, బాపమ్మ తలుపు వేసుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు. ఈరవ్వ వాళ్ళ వాకిట్లోంచి చూసి ఏమైందని సైగ చేసింది. నేను తల ఊపాను, దానికి అర్థం ఏంటో నాకే తెలియదు.

డాడీ వచ్చి తలుపు దగ్గర నిలబడి, "అవ్వా... అవ్వా... నేనే," అని పిలిచాడు. "అవ్వా, నాకు గూడ ఎర్కుండె," అన్నాడు చివరికి. తలుపుతో అన్నాడు. నలభై నాలుగేళ్ళ మనిషి, కరెంటాఫీసులో అందరూ నగేశ్ సార్ అని లేచి నిలబడే మనిషి, చిన్నపిల్లాడిలా తలుపుకు నుదురు ఆనించాడు.

సాయంత్రం బస్సు దాకా కూర్చున్నాం. తలుపు తీయలేదు. ఎప్పుడూ బస్టాండు దాకా వచ్చి బస్సు కదిలేదాకా చెయ్యి ఊపేది.

డాడీ నన్ను తిడితే బాగుండేది.

డిసెంబర్ 15, సోమవారం

బాపమ్మ ఫోన్ ఎత్తడం లేదు. ఈరవ్వకు చేస్తే ఆమె ఎత్తింది. "తిన్నది బిడ్డ, కొంచెం. ఫొటో ముందట కూసున్నది" అంది.

సాయిలత మేడంకు అంతా చెప్పేశాను. ఉత్తరం చూపించాను. మేడం చదివి, "ముందే ఎందుకు చెప్పలేదమ్మా," అని అడిగారు. "భయమేసింది మేడం," అన్నాను. ఆ మాట బయటికి అనడం ఇదే మొదటిసారి. మేడం వెంటనే చార్టు తెప్పించారు. ఫ్లెక్సీ మళ్ళీ ముద్రించే టైం లేదు. మానస చార్టు మీద నావిగేటర్ అని పెద్దగా రాసి, నిచ్చెనెక్కి పైలట్ మీద అతికించింది. కిందికి దిగి, "మొత్తం కథ నాకు జెప్పాలె. లేకుంటే గా ఫిజిక్స్ రికార్డ్ ఎవలితోనన్న సదివిపిచ్చుకుంట," అంది.

అంటే దానికి తెలుసు.

డిసెంబర్ 16, మంగళవారం

పదింటికి ప్రోగ్రాం. తొమ్మిదిన్నరకు బాపమ్మ రాలేదు. డాడీ బస్టాండులో ఎల్లారెడ్డి బస్సులు రెండు చూశాడు, దిగలేదు. స్టేజి మీద ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. లక్ష్మణ్ సార్ యూనిఫాం మెడల్స్ కోటుకు పెట్టుకుని వచ్చారు. నేనే దగ్గరికి వెళ్ళి, "పైలట్ అనను సార్," అన్నాను. సార్ తల ఊపారు.

ప్రార్థన గీతం అవుతుండగా గేటు దగ్గర ఆటో ఆగింది. బాపమ్మ, ఈరవ్వ. బాపమ్మ పట్టుచీర కట్టుకుంది. చంకలో తువ్వాలలో చుట్టిన ఫ్రేము. అది తాత ఫొటో కాదు. ఉత్తరం.

స్టేజి ఎక్కి, తన కుర్చీలో కూర్చోకుండా నా పక్కకు వచ్చి నిలబడి, తువ్వాల విప్పి ఫ్రేము నా చేతిలో పెట్టింది.

"సదువు. తెలుగుల సదువు. మొత్తం. ఒక్క ముక్క ఇడువకు."

ఎనిమిది వందల మంది. మైకు. ఫ్రేము అద్దంలో ట్యూబ్‌లైట్లు ఊగుతున్నాయి. రాసుకొచ్చిన స్పీచ్ జేబులోనే ఉండిపోయింది. చదివాను. ఇంగ్లిష్ చూస్తూ తెలుగులో చెప్పాను, ఒక్కో లైను. నావిగేటర్ అని చెప్పాను. తెల్లవారితే ఆరో తారీఖు అనగా రాత్రి శత్రువుల ఎయిర్‌పోర్టు మీద దాడికి వెళ్ళారని, బాంబులు గురి తప్పలేదని, తిరుగుదారిలో విమానంతో మాటలు తెగిపోయాయని చెప్పాను. పైలట్ పేరు చెప్పాను. ఇద్దరూ కనబడకుండా పోయారు. కామా. నేను అక్కడ ఆగాను. బాపమ్మ మోచేతితో మెల్లగా పొడిచింది.

మరణించారని నమ్ముతున్నాము.

లక్ష్మణ్ సార్ లేచారు. ఒక్క క్షణం, వెళ్ళిపోతున్నారేమో అనుకున్నాను. సార్ ఎక్కడికీ వెళ్ళలేదు, ఉన్నచోటే నిటారుగా నిలబడి, గుడ్డ కప్పి ఉన్న తాత ఫొటోకు సెల్యూట్ చేశారు. అప్పుడు ఎనిమిది వందల మంది లేచిన చప్పుడు.

బాపమ్మ మైకు తన వైపు లాక్కుంది. ప్రోగ్రాంలో అది లేదు.

"పిల్లలు, కూసోండ్రి," అంది. కూర్చున్నారు. "గా గుడ్డ కింది ఫొటోల మొకం మా అన్నదే. బట్టలు ఎవలియో. ఎవలియైతేంది, గుడ్డ తీసినంక మొకం సూడుండ్రి. మా అన్న విమానం నడపలే. దారి జెప్పిండు. నా మనుమరాలు మొన్న జెప్తే నాకు కోపమొచ్చింది. తలుపేసుకున్న. మా అన్నను మొన్ననే సంపినట్టు అనిపిచ్చింది నాకు."

నేను కిందికి చూస్తున్నాను.

"తలుపేసుకొని కూసుంటే ఒక్క మాట తల్కాయల తిరిగింది. చిన్నప్పటిసంది నాకు ఒక్కటే రంది. గంత మీద, గంత చీకట్ల, మా అన్న ఒక్కడే ఉన్నడు గద, ఒక్కడే పడ్డడు గద అని. ఇంట్ల ఒక్కన్ని పండుకోమంటే పండుకోకపోతుండె మా అన్న. ఇంకొక పిల్లగాడు ఎంబడి ఉన్నడని నాకు ఎవ్వలు జెప్పలే. ఇద్దరున్నరట. గా పిల్లగానికి ఎగిరే కుర్సీ గూడ ఉండెనట. అయినా రాలేదట. ఎందుకు రాలేదో దేవునికెర్క."

ఆగి, నా వైపు తిరిగింది. మైకు ముందే ఉందని మర్చిపోయినట్టుంది, ఇంట్లో అడిగినట్టు అడిగింది.

"ఆ పిల్లగాని పేరేందన్నవే?"

"వామన్ కేల్కర్, బాపమ్మా."

"వామన్. గా వామన్ వాళ్ళ అవ్వకు ఎవలన్న జెప్పిండ్రా, మావోడు ఎంబడి ఉన్నడని?"

హాలు మొత్తం ఆ ప్రశ్న విన్నది. లక్ష్మణ్ సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నారు. ఫొటో మీది గుడ్డ తీయడం అందరూ మర్చిపోతే, ఈరవ్వ లేచి వెళ్ళి తనే లాగేసింది.

డిసెంబర్ 17, బుధవారం

లక్ష్మణ్ సార్ ఢిల్లీలో ఎయిర్‌ఫోర్స్ ఆఫీసు అడ్రస్ ఇచ్చారు. వాళ్ళకు రాస్తే పైలట్ ఇంటివాళ్ళు ఎక్కడున్నా పంపుతారట. వాళ్ళమ్మ ఉండకపోవచ్చు. తమ్ముళ్ళో చెల్లెళ్ళో ఉండొచ్చు, బాపమ్మలాగా ఎవరో ఒకరు. బాపమ్మ రాత్రి మా ఇంట్లోనే ఉండిపోయింది. పొద్దున టిఫిన్ తినకముందే నన్ను టేబుల్ ముందు కూర్చోబెట్టింది.

"ఇంగ్లీషులనే రాయి. వాళ్ళకు తెలుగు రాకపోవచ్చు. మంచిగ రాయి, తప్పులు పోవద్దు."

స్కూల్‌కు వెళ్ళలేదు. నాలుగు కాగితాలు చింపాను. బాపమ్మ పక్కనే కూర్చుని ప్రతి లైనూ తెలుగులో చెప్పించుకుంటోంది. నా పేరు, మా ఊరు, స్కూలు, ఇవన్నీ మొదట రాస్తే వద్దంది. "మనం ఎవలమైతేంది వాళ్ళకు? ముందు అసలు మాట రాయి," అంది.

అందుకని ఐదో కాగితం ఇలా మొదలైంది:

ఆ రాత్రి మీ వామన్ ఒక్కడే లేడు. మా దేవదానం దారి చెప్తూ తనతోనే ఉన్నాడు.